ఐదు రోజులు నిలబెడితే బ్యాటరీ దిగిపోతోంది: పాత డీజిల్ జీపులో ఎక్కడ వెతకాలి?

టెక్కలి_డీజిల్

అందరికీ నమస్కారం. బండి 2008 మోడల్ ఏడు సీట్ల డీజిల్ జీపు, ఈసీయూ (ఇంజనుని నడిపే కంప్యూటరు) లేని పాత రకం ఇంజను. వారానికి ఒకటి రెండుసార్లు శ్రీకాకుళం వెళ్లిరావడం తప్ప మిగతా రోజులు షెడ్డులోనే ఉంటుంది. రోజూ తిరిగితే ఏ ఇబ్బందీ లేదు, సెల్ఫ్ ఒక్క దెబ్బకే అందుకుంటుంది. మూడు రోజులు దాటితే సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది. ఐదో రోజు టక్ టక్ మని చప్పుడు తప్ప ఇంజను కదలదు.

బ్యాటరీ 70 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే లెక్క), వేసి పద్నాలుగు నెలలు. దీనికి ముందుదీ ఏడాదిన్నరకే పోయింది. ఇప్పుడున్నదాన్ని బయటకు తీసి ఫుల్ చార్జింగ్ పెట్టించి పక్కన ఉంచితే పది రోజుల తరవాత కూడా 12.6 వోల్టులు చూపించింది. అంటే తప్పు బ్యాటరీది కాదు, బండిలోనే ఎక్కడో కరెంటు పోతోందని అర్థమైంది. ఇంజను నడుస్తున్నప్పుడు టెర్మినళ్ల మీద 14.2 వస్తోంది కాబట్టి డైనమో బాగుందని మెకానిక్ అన్నాడు. కంపెనీ తరవాత బిగించినవి: స్టీరియో, సీటు కింద ఆంప్లిఫైయర్, మొబైల్ చార్జర్, రివర్స్ హారన్.

పసుపు రంగు చవక మల్టీమీటరు ఉంది, వాడడం ఓ మాదిరిగా వచ్చు. రోజూ రాత్రి ఎర్తు వైరు ఊడదీసి పడుకుంటున్నాను. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో వరసగా చెప్పండి.

విజయనగరం_ఆటోఎలక్ట్రిక్

తమ్ముడూ, బ్యాటరీని బయట పెట్టి చూశావు, సగం పని అయిపోయింది. చాలామంది ఆ పని చేయకుండానే కొత్త బ్యాటరీ కొంటారు. ఇక మిగిలింది కరెంటు ఎంత పోతోంది, ఏ దారిలో పోతోంది అన్నవే. ముందు "ఎంత" తేల్చు, అది తేలకుండా ఏ వైరూ కొయ్యకు.

బ్యాటరీ నిండుగా చార్జ్ అయి ఉండాలి. తాళం తీసెయ్యి. తలుపులన్నీ వేసెయ్యి, ఒక తలుపు తీసి ఉంచాల్సి వస్తే దాని స్విచ్చును నొక్కిపట్టి టేపు వెయ్యి, లేకపోతే లోపలి లైటు కరెంటు కూడా లెక్కలోకి వస్తుంది. 10 నంబర్ పానాతో నెగటివ్ టెర్మినల్ విప్పు. ఎప్పుడైనా నెగటివే ముందు. పాజిటివ్ విప్పుతూ పానా బాడీకి తగిలితే వెల్డింగ్ అయిపోతుంది.

మీటరు పెట్టేముందు ఒక 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బుని బ్యాటరీ నెగటివ్‌కీ, విప్పిన ఎర్తు వైరుకీ మధ్య పెట్టు. బల్బు బాగా వెలిగిందంటే ఒక ఆంపు పైనే పోతోంది. బ్రేకు లైటు స్విచ్చు ఇరుక్కోవడం, హీటర్ ప్లగ్గుల (స్టార్ట్ చేసేముందు డీజిల్ ఇంజనుని వేడిచేసేవి) రిలే స్విచ్చు అతుక్కోవడం లాంటి పెద్ద తప్పు అది. రెండు బ్రేకు బల్బులే మూడున్నర ఆంపులు లాగుతాయి, ఒక్క రాత్రికే బ్యాటరీ ఖాళీ అయ్యేది. నీకు ఐదు రోజులు పడుతోంది కాబట్టి బల్బు వెలగదనీ, మహా అయితే తీగ ఎర్రగా కనిపిస్తుందనీ నా అంచనా. బల్బు సంగతి తేలాకే మీటరు.

మీటరులో ఎర్ర వైరుని 10ఏ సాకెట్లోకి మార్చు, నాబ్ కూడా 10ఏ మీదే ఉండాలి. బ్యాటరీ నెగటివ్‌కి నల్ల ప్రోబు, ఎర్తు వైరుకి ఎర్ర ప్రోబు, రెంటికీ క్లిప్పులుంటే మేలు. చవక మీటర్లలో 10ఏ దారికి ఫ్యూజు ఉండదు, కాబట్టి మీటరు కలిపి ఉన్నంతసేపు తాళం తిప్పకు, హెడ్‌లైటు వెయ్యకు, సెల్ఫ్ అయితే అసలే కొట్టకు. వందల ఆంపులు మీటరు గుండా పోతే అది కాలిపోతుంది, చేతులూ కాలుతాయి. వైరు కలిపిన వెంటనే కనిపించే అంకె నమ్మొద్దు. నీ బండికి ఐదు నిమిషాలు చాలు. అలారం, సెంట్రల్ లాకు ఉన్న బండికి అరగంట ఆగాలి.

లెక్క ఇలా వేసుకో. 0.05 ఆంపు, అంటే 50 మిల్లీ ఆంపులు పోతే రోజుకి 1.2 ఏహెచ్. ఈసీయూ లేని బండికి గడియారం, స్టీరియో మెమరీ కలిపి 20 మిల్లీ దాటకూడదు. 70 ఏహెచ్ బ్యాటరీ ఐదు రోజుల్లో సెల్ఫ్ తిప్పలేని స్థితికి వచ్చిందంటే 45 ఏహెచ్ దాకా పోయినట్టు. ఐదుతో, మళ్లీ ఇరవై నాలుగుతో భాగిస్తే 0.35 నుంచి 0.4 ఆంపు మధ్య రావాలి. మీటరు కూడా అదే చెబితే మన లెక్క, నీ బండి ఒకే మాట మీద ఉన్నట్టు. 0.03 మాత్రమే చూపిస్తే మాత్రం తప్పు ఒక్కోసారి వచ్చిపోయే రకం. అలాంటప్పుడు రాత్రి, పొద్దున రెండుసార్లు కొలవాలి.

ఇంటి వైరింగుకి వాడే క్లాంప్ మీటరు తెచ్చి చూస్తానంటే వద్దు. వాటిలో చాలావరకు ఏసీనే కొలుస్తాయి, బండి కరెంటు డీసీ, సున్నా చూపించి మోసం చేస్తాయి.

బారువ_తీరం

పైన చెప్పింది నూటికి నూరు పాళ్లూ సరి. నాకు తోచిన రెండు విషయాలు కలుపుతాను.

ఒకటి, ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూడడం. అందరూ అదే చెబుతారు గానీ పదహారేళ్లు దాటిన బండిలో ఫ్యూజు పీకితే కాళ్ల దగ్గర పట్టిన తుప్పు రాలి, తిరిగి పెట్టాక కాంటాక్టు దొరకదు. ఒక తప్పు వెతకబోతే రెండో తప్పు పుడుతుంది. దానికంటే ఫ్యూజుని ఉన్నచోటే ఉంచి కొలవొచ్చు. ప్రతి ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు బయటికి కనిపిస్తాయి. మీటరు 200 మిల్లీవోల్టు డీసీ మీద పెట్టి ఆ రెండు చుక్కలకీ ప్రోబులు ఆనించు. దానిలోంచి కరెంటు పోకపోతే 0.0 వస్తుంది. పోతుంటే ఫ్యూజు నిరోధం వల్ల కాస్త వోల్టు కనిపిస్తుంది. 10 ఆంపుల బ్లేడు ఫ్యూజుకి ఏడున్నర మిల్లీ ఓములు, 15 ఆంపులదానికి అయిదు లోపు. అంటే 10 ఆంపుల ఫ్యూజు మీద 3 మిల్లీవోల్టులు వస్తే దాదాపు 0.4 ఆంపు పోతున్నట్టు. ఈ కొలత తీసేటప్పుడు బ్యాటరీ మామూలుగా కలిపే ఉండాలి. ఎర్ర ప్రోబుని 10ఏ సాకెట్లోంచి తీసి వోల్టు సాకెట్లో పెట్టడం మరవొద్దు. మరిచి ఆనిస్తే ఫ్యూజు చుట్టూ ఇంకో దారి తెరిచినట్టే, అంకె తప్పు వస్తుంది. అదే ప్రోబు బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్టే.

రెండోది మన ప్రాంతపు గాలి. భావనపాడు, బారువ, కళింగపట్నం వైపు తిరిగే బండ్లకి ఉప్పు గాలి, అక్టోబరు నవంబరుల్లో తుఫాను తేమ. బ్యాటరీ నెత్తిన ఆవిరైన యాసిడ్, దుమ్ము, తేమ కలిసి ఒక పొరలా పడితే ఆ పొర మీదుగానే పాజిటివ్ నుంచి నెగటివ్‌కి కరెంటు పాకుతుంది. నల్ల ప్రోబు నెగటివ్ టెర్మినల్ మీద ఉంచి, ఎర్రదాన్ని ప్లాస్టిక్ మూత మీద అటూ ఇటూ ఆనించి చూడు. అర వోల్టు దాటితే మూతలు గట్టిగా బిగించి, గ్లాసు నీళ్లలో చెంచాడు తినేసోడా కలిపి గుడ్డతో తుడువు. నురగ ఆగేదాకా తుడిచి మంచినీళ్లతో కడుగు. సోడా నీళ్లు సెల్లులోకి పోతే యాసిడ్ చచ్చిపోతుంది, జాగ్రత్త. ఆరాక టెర్మినళ్లకి వాజిలిన్ రాయి. ఈ లీకు మామూలుగా చిన్నదే. నీ ఐదు రోజుల కథకి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు, కానీ ఉచితంగా తీరే పని ముందు తీర్చుకోవడం మంచిది.

వెనక లైటు హోల్డర్లు కూడా విప్పి చూడు. నీళ్లు చేరి ఆకుపచ్చ తుప్పు పట్టినచోట పార్కింగ్ లైటు వైరు నుంచి బాడీకి లీకు ఉంటుంది. అయితే అది లైటు స్విచ్చు వేసినప్పుడే తెలుస్తుంది, నిలబెట్టినప్పుడు కాదు.

టెక్కలి_డీజిల్

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈరోజు పొద్దున కూర్చుని చూశాను.

బల్బు పెట్టి చీకట్లో చూస్తే తీగ కొంచెం ఎర్రబడింది, వెలగలేదు. మీటరు పది నిమిషాల తరవాత 0.41 దగ్గర నిలిచింది. అన్నగారి లెక్కకి దగ్గరే.

ఫ్యూజుల మీద మిల్లీవోల్టు చూస్తే అన్నీ 0.0. ఒక్క 15 ఆంపుల ఫ్యూజు మీద 0.6 వచ్చింది, అది లోపలి లైటు, స్టీరియోలది. లోపలి లైటు బల్బు తీసేసినా 0.6 మారలేదు. ఆ ఫ్యూజు తీస్తే మొత్తం 0.41 నుంచి 0.29 కి దిగింది. ఆంప్లిఫైయర్‌కి బ్యాటరీ దగ్గర వేరే ఫ్యూజు ఉంది, దాని మీద సున్నా.

ఇక్కడే ఆగిపోయాను. మిగతా ఫ్యూజులన్నీ తీసినా 0.29 కదలడం లేదు. బ్యాటరీ నెత్తి తుడిచాను, తేడా లేదు. ఫ్యూజులన్నీ తీశాక కూడా కరెంటు ఎలా పోతుంది?

రాజాం_వైరింగ్

0.12 సంగతి నేను చెబుతాను, అది స్టీరియోనే. బయట కొన్న స్టీరియోకి పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకి, ఎర్ర వైరు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకి, నల్లది ఎర్తుకి. బిగించేవాళ్లు తాళం లైను వెతకడానికి బద్ధకించి పసుపు, ఎర్ర రెండూ మెలేసి ఒకే చోట అతికిస్తారు. స్విచ్చుతో ఆపితే తెర ఆరిపోతుంది, లోపలి సర్క్యూటు మేలుకునే ఉంటుంది. పసుపు ఒక్కటే ఉంటే మెమరీకి కొన్ని మిల్లీ ఆంపులే పోతాయి.

స్టీరియో బయటకు లాగి టేపు విప్పి చూడు. రెండూ కలిసి ఉంటే ఎర్రని విడదీసి, టెస్ట్ బల్బుతో తాళం స్విచ్చు వెనక వెతుకు. తాళం మొదటి మెట్టులో వెలిగి, తీసేస్తే ఆరే వైరు నీకు కావాలి. మధ్యలో ఐదు ఆంపుల ఫ్యూజు హోల్డరు పెట్టు. ఊరికే మెలేసి టేపు వెయ్యకు, టంకం పెట్టి ష్రింక్ ట్యూబు వెయ్యి. మన ఎండకి డాష్‌బోర్డు లోపల టేపు జిగురు కరిగి ఏడాదిలో ఊడిపోతుంది.

స్టీరియో నుంచి ఆంప్లిఫైయర్‌కి వెళ్లే నీలం వైరు కూడా చూడు. దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపితే ఆంప్లిఫైయర్ రాత్రంతా మేలుకుని అర ఆంపుకి తక్కువ కాకుండా లాగుతుంది. నీకు దాని ఫ్యూజు మీద సున్నా వచ్చింది కాబట్టి నీలం సరిగానే ఉంది.

తాళం స్విచ్చు అరిగిన పాత బండ్లలో ఇంకో సంగతి: తాళం పూర్తిగా ఆఫ్‌కి రాకముందే చేతికి ఊడివస్తుంది. అప్పుడు ఎంత సరిగ్గా వైరింగ్ చేసినా తాళం లైను మేలుకునే ఉంటుంది. తాళం తీశాక ఆ ఎర్ర వైరు మీద వోల్టు ఉందేమో ఒకసారి చూడు.

విజయనగరం_ఆటోఎలక్ట్రిక్

ఫ్యూజులన్నీ తీసినా 0.29 కదలలేదంటే కరెంటు ఫ్యూజు లేని దారిలో పోతోంది. పాత డీజిల్ బండిలో అలాంటి దారులు నాలుగే: సెల్ఫ్ మోటారు లావు వైరు, హీటర్ ప్లగ్గుల రిలే, తాళం స్విచ్చుకి వెళ్లే మెయిన్ వైరు, డైనమో బి ప్లస్ వైరు (డైనమో నుంచి బ్యాటరీకి చార్జింగ్ తెచ్చే లావు వైరు). నా అనుమానం నాలుగోదాని మీదే.

14.2 వచ్చింది కాబట్టి డైనమో బాగుందన్నది సగం నిజం. చార్జింగ్ బాగున్నంత మాత్రాన డైనమో లోపలి డయోడ్లు బాగున్నట్టు కాదు. డయోడ్ పని రెండు రకాలు: ఇంజను తిరిగేటప్పుడు కరెంటుని బయటికి పంపాలి, ఆగినప్పుడు వెనక్కి రాకుండా ఆపాలి. మొదటి పని చేస్తూనే రెండోదానిలో విఫలమయ్యే డయోడ్ ఉంటుంది, దాన్నే లీకు డయోడ్ అంటాం. పాజిటివ్ వైపు డయోడ్ ఒకటి లీకైతే బ్యాటరీ కరెంటు వెనక్కి వచ్చి స్టేటర్ చుట్టలోకి (డైనమోలో కదలని తీగచుట్ట) చేరుతుంది. అక్కడినుంచి చిన్న ఫీల్డు డయోడ్ల గుండా, మధ్యలో తిరిగే తీగచుట్ట అయిన రోటర్‌లోకి, కటౌట్ (చార్జింగ్ వోల్టుని అదుపు చేసే రెగ్యులేటర్) గుండా ఎర్తులోకి పోతుంది. బండి నిలబడి ఉన్నా రోటర్ మెల్లగా కాలుతూనే ఉంటుంది.

అందుకే విప్పకముందే కొన్ని గుర్తులు దొరుకుతాయి. రాత్రంతా నిలబెట్టిన బండి డైనమో బాడీ మీద పొద్దున్నే చెయ్యి పెట్టు, పక్కనున్న ఇంజను ఇనుముకంటే వెచ్చగా ఉంటే అదే. ఒక స్క్రూడ్రైవర్ కొన పుల్లీ నట్టు దగ్గర ఆనించు, అయస్కాంతంలా లాగితే రోటర్‌లో కరెంటు ఉన్నట్టు. చీకట్లో తాళం తీసేసి మీటరు బోర్డులో చార్జింగ్ ఎర్ర లైటు చూడు, మిణుకుమిణుకుమంటే ఇక అనుమానమే లేదు. లీకు 0.29 మాత్రమే కాబట్టి ఈ గుర్తులు బలహీనంగా ఉండొచ్చు, కనబడకపోతే డైనమో మంచిదని అనుకోకు.

ఖాయం చెయ్యడానికి నెగటివ్ టెర్మినల్ విప్పు. డైనమో వెనక లావు వైరు నట్టు విప్పి, వైరు కొనకి గుడ్డ చుట్టి పక్కకి కట్టెయ్యి. ఇప్పుడు మళ్లీ నెగటివ్ దగ్గర మీటరు పెట్టి కొలువు. 0.29 పోయి 0.01 దగ్గరికి వస్తే దొంగ దొరికినట్టే. రాకపోతే వైరు తిరిగి బిగించి, హీటర్ రిలే పీకి ఇదే పని చెయ్యి. బి ప్లస్ ఊడదీసి మాత్రం ఇంజను ఎట్టి పరిస్థితిలోనూ స్టార్ట్ చెయ్యకు. పోవడానికి దారి లేక వోల్టు ఎగబాకి, బాగున్న డయోడ్లూ కటౌటూ కూడా పోతాయి.

ఏసీ వోల్టు కొలిచి డయోడ్ చూడమని కొందరు చెబుతారు. అర వోల్టుకి మించి ఏసీ వస్తే డయోడ్ చెడినట్టే, పద్ధతి మంచిదే. కానీ నీ పసుపు మీటరు దానికి పనికిరాదు. వాటిలో ఏసీ రేంజు 200 వోల్టుల దగ్గర మొదలవుతుంది, పైగా డీసీని ఆపదు. ఇంజను ఆపి ఉన్న బ్యాటరీ మీద పెట్టినా ఇరవై పైన అంకె చూపించి భయపెడుతుంది.

టెక్కలి_డీజిల్

దొరికింది. 15 ఆంపుల ఫ్యూజు తీసే ఉంచి బి ప్లస్ ఊడదీస్తే 0.29 కాస్తా 0.00 అయింది. తిరిగి ఆనిస్తే మళ్లీ 0.29. రెండుసార్లు చూశాను. స్టీరియో వైర్లు కూడా రాజాం అన్న చెప్పినట్టే కలిపి ఉన్నాయి, ఎర్రని విడదీసి తాళం లైనుకి ఇచ్చాను. ఆ ఫ్యూజు తిరిగి పెట్టి 200 మిల్లీ సాకెట్లో కొలిస్తే స్టీరియోకి ఇప్పుడు 6 మిల్లీ ఆంపులు.

డైనమో వెనక వాక్యూమ్ పంపు ఉన్న రకం. విప్పి డయోడ్ ప్లేటు మార్పించాలనుకుంటున్నాను. దగ్గరుండి చూసుకోవాల్సినవి ఏమిటి? మొత్తం డైనమోనే మార్చమంటున్నాడు ఇక్కడి మెకానిక్.

బారువ_తీరం

మొత్తం మార్చక్కర్లేదు, బేరింగులు, రోటర్ బాగుంటే ప్లేటు ఒక్కటే చాలు. కానీ విప్పినప్పుడు లోపల ఆయిల్ ఉందేమో ముందు చూడండి. వాక్యూమ్ పంపుకి ఇంజను ఆయిలే వెళ్తుంది, మధ్యలో సీలు అరిగితే ఆయిల్ డైనమోలోకి దిగి కార్బన్ బ్రష్షులనీ డయోడ్లనీ తడిపేస్తుంది. సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే అది మళ్లీ ఆయిల్లోనే ఉడుకుతుంది. బ్రష్షులు బయటికి 5 మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలితే అవీ మార్పించండి, ఇంకోసారి విప్పే శ్రమ తప్పుతుంది.

వాక్యూమ్ పంపు నుంచి బ్రేక్ బూస్టరుకి వెళ్లే హోసు తిరిగి బిగించేటప్పుడు క్లిప్పు గట్టిగా ఉండాలి. అది వదులైతే బ్రేకు పెడల్ రాయిలా అయిపోతుంది. రోడ్డెక్కకముందే ఇంజను స్టార్ట్ చేసి, పెడల్ నొక్కి చూసుకోండి. ఆయిల్ వెనక్కి దిగే గొట్టం దగ్గర కారుతోందేమో కూడా.

విజయనగరం_ఆటోఎలక్ట్రిక్

పాత ప్లేటు డయోడ్లని చల్లగా ఉన్నప్పుడు మీటరు డయోడ్ మోడులో చూసి "బాగానే ఉన్నాయి" అంటే ఒప్పుకోకు. లీకు డయోడ్ చాలాసార్లు వేడెక్కాకే బయటపడుతుంది. పైగా మీటరు పెట్టే వోల్టు చాలా తక్కువ, దానికి ఆగే డయోడ్ 12 వోల్టులకి ఆగకపోవచ్చు. నువ్వు బండి మీద 0.29 కొలిచావు, అదే సాక్ష్యం.

స్టేటర్ తీగలు ప్లేటుకి టంకంతో అతికి ఉంటాయి. టంకం తీసేటప్పుడు, పెట్టేటప్పుడు డయోడ్ కాలుని పట్టకారుతో పట్టుకుంటే వేడి పట్టకారులోకి పోతుంది, డయోడ్ బతుకుతుంది. ఒక్కో అతుకు మీద మూడు నాలుగు సెకన్లకి మించి ఐరన్ ఉంచకూడదు.

అన్నిటికంటే ముఖ్యం ఫైబర్ బుష్షులు. ప్లేటులో పాజిటివ్ భాగానికీ డైనమో బాడీకీ మధ్య బోల్టు చుట్టూ ఫైబర్ బుష్షు, కింద వాషరు ఉంటాయి. పాతవి విరిగి ఉంటే కొత్తవి వేయించు. అవి లేకుండా బిగిస్తే బి ప్లస్ నేరుగా బాడీకి తగిలి, బ్యాటరీ కలపగానే వైరు కాలిపోతుంది. డైనమోని ఇంజనుకి ఎక్కించాక, లావు వైరు బిగించేముందు మీటరు డయోడ్ మోడులో ఎర్ర ప్రోబు బాడీకి, నల్లది బి ప్లస్ స్టడ్డుకి పెట్టు. 900 నుంచి 1100 మధ్య అంకె రావాలి, రెండు డయోడ్లు వరసలో ఉన్నాయి కాబట్టి. ప్రోబులు తారుమారు చేస్తే మీటరు తెర మీద ఎడమ పక్క 1 అనే అంకె మాత్రమే మిగలాలి, అంటే దారి మూసి ఉన్నట్టు. రెండు వైపులా సున్నా వస్తే వైరు బిగించకు, బుష్షు విప్పించి చూడు.

వైరు బిగించి నెగటివ్ కలిపేముందు మళ్లీ మీటరు వరసలో పెట్టి కొలువు, స్టీరియోతో కలిపి 10 మిల్లీల లోపు ఉండాలి. ఇక బ్యాటరీని డైనమో మీద వదిలేయకుండా ఒకసారి బయట చార్జింగ్ పెట్టించు. 70 ఏహెచ్‌కి 7 ఆంపుల చొప్పున పది పన్నెండు గంటలు. ఇన్నాళ్లూ సగం ఖాళీగా ఉండి ప్లేట్ల మీద సల్ఫేటు పేరుకుని ఉంటుంది, శ్రీకాకుళం దాకా ఒక ట్రిప్పు తిప్పితే అది కరగదు. చార్జింగ్ తీసి ఒక రాత్రి ఉంచాక హైడ్రోమీటరుతో (యాసిడ్ సాంద్రత కొలిచే గొట్టం) ఆరు సెల్లులూ చూడమను. అన్నీ 1250 చుట్టుపక్కల ఉంటే ఈ బ్యాటరీతోనే నడుపు. ఒక్క సెల్లు మిగతావాటికంటే 50 పాయింట్లు తక్కువ చూపిస్తే మాత్రం ఆ సెల్లు పోయినట్టే.